వైరు పీకి రాసిన మెయిల్

ఆ ఉదయం మేస్త్రి అనుకున్నది ఒక్కటే. టీ తాగి, సినిమా హాలు మేనేజరుకి మర్యాదగా ఒక మెయిల్ రాసి, పాత సోఫా ముందేసుకుని కూర్చోవాలని. టీ తాగడం వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

మేస్త్రి సోఫాలూ సీట్లూ కుడతాడు. హాల్లో సీట్లన్నీ కొత్తగా కుట్టే పని తనకొస్తే షాపు నిలుస్తుంది. రాకపోతే తలుపులు మూసేసి ఇంకొకరి దగ్గర కూలికి కుట్టుకోవాలి. మేనేజరు పంపిన గుడ్డ ముక్క బల్ల మీద నిగనిగలాడుతోంది. గోరు తగిలితే చాలు, పోగు లేస్తోంది. చూసిన కొద్దీ మేస్త్రికి ఒళ్లు మండిపోతోంది. కానీ ఏం లాభం, మనిషి నోట్లో నాలుక లేనివాడు. ఎవరేమన్నా "సరేనండి" అంటాడు. ఆ తర్వాత కడుపులో ఉన్నదంతా మెయిల్‌గా రాసి, పంపకుండా డ్రాఫ్టుల్లో దాచేసుకుంటాడు. అందులోనూ ఒక లోటుంది. సెండ్ నొక్కని తిట్టు సగంలో ఆగిపోయిన తుమ్ములాంటిది.

కంప్యూటర్లు తెలిసిన బావమరిది ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. తెలియకపోయినా ఉంటాడు. మేస్త్రి బావమరిది సరిగ్గా అప్పుడే దిగాడు.

"ఇంకా బ్రౌజర్‌లోనే చూస్తున్నారా బావగారూ? అది మన బట్టలు పక్కింటి బీరువాలో పెట్టుకోవడమండీ! ప్రోగ్రాం వేసుకుంటే మెయిళ్లన్నీ మన కంప్యూటర్లోనే పడుంటాయి."

"మన కంప్యూటర్ పోతే?" అంది మేస్త్రి భార్య.

"ఎందుకు పోతుందక్కా, పొద్దున్నే అవేం మాటలు!"

"పోయినేడు నువ్వు బాగుచేసినప్పుడు పోయిందిగా. బ్రౌజరయితే నా ఫోన్లో కూడా కనిపిస్తుంది. హాయిగా ఉంది, ఉండనీ."

బావమరిది ఆ మాట విననట్టు మేస్త్రి వైపు తిరిగాడు. "నెట్టు లేకపోయినా రాసుకోవచ్చు. సెండ్ నొక్కేస్తే అవుట్‌బాక్స్‌లో కూర్చుంటుంది. వైరు పెట్టేదాకా కదలదు."

మేస్త్రి చేతిలో కత్తెర ఆగింది.

"సెండ్ నొక్కినా పోదా?"

"పోదు."

"నొక్కినట్టు మాత్రం ఉంటుందా?"

"సుబ్బరంగా ఉంటుంది."

"అయితే వెయ్యి," అన్నాడు మేస్త్రి. పెళ్లయిన నాటి నుంచీ ఆయన ఇంత త్వరగా ఏదీ తేల్చుకోలేదు. భార్య వింతగా చూసింది.

ప్రోగ్రాం వేసి బావమరిది, కూరగాయలకని భార్య బయటికెళ్లారు. మేస్త్రి నెట్టు వైరు పీకి, చేతులు దులుపుకుని మొదలుపెట్టాడు. "మేనేజరుగారూ, ఈ గుడ్డతో కుడితే ఇంటర్వెల్‌లో జనంతో పాటు సీటు కూడా లేచి బయటికొస్తుంది. దీన్ని ఎంచినవాడు జన్మలో ఎక్కడా కూర్చుని ఎరగడు. ఈ గుడ్డ నేను కుట్టను గాక కుట్టను." సెండ్ నొక్కాడు. ఆహా! ప్రాణం లేచొచ్చింది. అదే ఊపులో తనకి స్పాంజి అమ్మే వ్యాపారిని కూడా ఇంకో మెయిల్లో దులిపేశాడు. సెండ్. తేలికపడ్డ మనసుతో సోఫా దగ్గరికెళ్లి, కూనిరాగం తీస్తూ పాత మేకులు పీకుతూ కూర్చున్నాడు.

అంతలో అక్కాతమ్ముళ్లు కలిసే తిరిగొచ్చారు. వేలాడుతున్న వైరు చూసి, ఊడ్చేటప్పుడు తన చీపురే తగిలి ఊడిందనుకుంది భార్య. జాగ్రత్తగా మళ్లీ పెట్టింది. కంప్యూటర్ రెండుసార్లు టింగుమంది.

"చూశారా బావగారూ!" అని పొంగిపోయాడు బావమరిది. "రెండు మెయిళ్లూ ఒక్క దెబ్బకి వెళ్లిపోయాయి!"

మేస్త్రి చేతిలో సుత్తి కాలి మీద పడింది. నొప్పి సంగతి ఆయనకి తర్వాత తెలిసింది. ముందు పరుగెత్తుకొచ్చి, ఇంకేమీ పోకుండా వైరు పీకేశాడు. ఫోన్ మోగింది. స్పాంజి వ్యాపారి.

"మేస్త్రిగారూ, మీ మెయిల్ చదివాను. ఒంట్లో బాగానే ఉందా?"

సంగతి విన్న భార్య కుర్చీలో కూలబడింది. "అయ్యో రామా, షాపు పోయింది!"

"నేనుండగా ఏమీ పోదక్కా," అంటూ బావమరిది టకటకా కొట్టాడు. "ఆ మెయిల్ నేను రాసింది కాదు. గుడ్డ బ్రహ్మాండం. మీరు గోనెపట్టా ఇచ్చినా ఆనందంగా కుడతాను." సెండ్ నొక్కి వెనక్కి వాలాడు. "అయిపోయింది. చదవగానే చల్లబడతాడు."

కాసేపటికి మేనేజరే స్వయంగా గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రి లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఎంత మాట రాశారండీ," అన్నాడు మేనేజరు. "ఆ గుడ్డ మా యజమాని ఎంచారు. మీ మెయిల్ ఆయనకే చూపించాను. 'ఇన్నాళ్లూ నేనేమన్నా సరేనన్నవాళ్లే కుట్టారు, అన్నీ చిరిగాయి. కుట్టనన్నవాడు ఇతనొక్కడే, పని ఇతనికే ఇవ్వు' అన్నారు. గుడ్డ మీ ఇష్టం. ఆర్డరు మెయిల్ చేశాం. తెరిచి ఒప్పుకున్నానని రాస్తే నేను వెళ్తాను."

"ఇదిగో, ఇప్పుడే!" అని బావమరిది వైరు అందుకున్నాడు.

మేస్త్రి కళ్లు తెర మీద పడ్డాయి. అవుట్‌బాక్స్‌లో ఒక మెయిల్ కదలకుండా కూర్చుని ఉంది. వైరు లేనిదే క్షమాపణ మాత్రం ఎలా పోతుంది? ఒక్క గెంతులో వెళ్లి బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు.

"షాక్... షాక్ కొడుతుందండి," అన్నాడు మేస్త్రి. ఆ వైరుకి షాక్ కొట్టదని గదిలో అందరికీ తెలుసు.

భార్య నిమ్మళంగా కొంగుకి చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. బ్రౌజర్ తెరిచి, ఆర్డరు చదివి, ఒప్పుకున్నామని రాసి మేనేజరుకి చూపించింది. ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మేస్త్రి అవుట్‌బాక్స్‌లోని గోనెపట్టాని చెరిపేసి, మళ్లీ ఉందేమోనని ఇంకోసారి చూసి, అప్పుడు ఊపిరి తీసుకున్నాడు. ఆ తర్వాత భార్య ఫోన్ అడిగి తీసుకుని, ఒక్క వేలితో ఏదో కొట్టాడు.

బావమరిది జేబులో ఫోన్ మోగింది. తీసి చదివాడు. "ఇకమీదట నా కంప్యూటర్ ముట్టుకోకు," అని ఉంది.

"బావగారూ, ఇది కూడా పొరపాటున వచ్చిందా?"

"లేదు బామ్మర్దీ," అన్నాడు మేస్త్రి సూదిలోకి దారం ఎక్కిస్తూ. "బ్రౌజర్‌లోంచి వచ్చింది."