ఎదురింటికి వెళ్ళిన కిటికీ దీపం

శనివారం పొద్దున రెండో కప్పు కాఫీ పోసుకుంటూ టీరా తన నిర్ణయం ప్రకటించింది.

"ఇవాళ్టి నుంచి చావు సర్దుడు మొదలుపెడుతున్నాను."

హెర్నోసాండ్‌ ఊళ్ళో అరవై దాటినవాళ్ళ ఇళ్ళలో ఈ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. తాము పోయాక సామానంతా పిల్లల నెత్తిన పడకుండా, ఓపిక ఉండగానే అక్కర్లేనివి వదిలించుకోవడం అక్కడి మర్యాద. పెరటికి అవతలివైపు వాటాలో ఉండే మైకెన్ కిందటేడు భర్త రూనే పోగానే ఆ పని ముగించేసింది. ఒక వస్తువు లోపలికి వస్తే ఒకటి బయటికి పోవాల్సిందేనని తన ఇంటికి నియమం కూడా పెట్టుకుంది. వాటాలవాళ్ళ సమావేశంలో అందరూ ఆమెను మెచ్చుకున్నారు. టీరా కూడా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"మంచిది" అన్నాడు ఆమె భర్త సిక్‌స్టెన్, పదకేళిలోంచి తలెత్తకుండా.

"ఈ కిటికీ దీపం నీకు కావాలా?"

"ఏ దీపం?"

ఇత్తడి కాడ, ఆకుపచ్చ గాజు టోపీ ఉన్న ఆ దీపం సిక్‌స్టెన్ మేనత్త పెళ్ళికి ఇచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా అతని మోచేతి పక్కనే వెలుగుతోంది. టీరా దాన్ని ఎత్తుకుని నేలమాళిగకు దిగింది. అక్కడ అందరూ వంతులవారీగా బట్టలు ఉతుక్కునే గది పక్కన ఒక అర ఉంది. అక్కర్లేనివి అందులో పెట్టవచ్చు, కావలసినవాళ్ళు తీసుకుపోవచ్చు. పెట్టినదాన్ని మళ్ళీ అడగకూడదనేది ఒక్కటే షరతు. ఆ షరతు ప్రతిపాదించింది టీరాయే.

నవంబరు కావడంతో సోమవారం మధ్యాహ్నానికే చీకటి పడింది. ఏడాదిగా చీకటిగా ఉన్న మైకెన్ కిటికీలో ఆకుపచ్చ వెలుగు కనిపించింది.

సిక్‌స్టెన్ పదకేళి పక్కన పెట్టి మరీ లేచి నిలబడ్డాడు. "చూశావా? మైకెన్ ఎంత మంచి దీపం కొందో! ఆవిడ అభిరుచే వేరులే."

"అవును. వేరే" అంది టీరా.

అది మనదేనని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆమెకు కావలసింది చెప్పడం కాదు, అతనంతట అతను గుర్తుపట్టడం. గుర్తుపట్టలేదు సరికదా, మర్నాడు కుర్చీని కిటికీవైపు తిప్పుకున్నాడు.

దీపాన్ని అడిగి తెచ్చుకోవడానికి తన షరతే అడ్డు. అయితే మైకెన్ నియమం ఒకటుందిగా! అర మీద అంతకంటే మంచివి పెడితే మైకెన్ వాటికి ఆశపడి దీపాన్ని బయటపెడుతుంది. టీరా తన నీలిపువ్వుల కాఫీ కూజాను కిందకు తీసుకెళ్ళింది.

కూజా ఎదురింటికి చేరింది. దానికి బదులు బయటికి వచ్చింది మాత్రం గోడగడియారం. దాన్ని సిక్‌స్టెన్ చంకన పెట్టుకుని పైకి తెచ్చాడు.

"ఎవరో మహానుభావులు వదిలేశారు, టీరా! కొంచెం వెనక్కి నడుస్తోందంతే."

టీరా పళ్ళు బిగించి, అమ్మ నేసిన తివాచీని దించింది. తివాచీ ఎదురింటికి పోయింది. సిక్‌స్టెన్ ఈసారి చెక్కకు బిగించిన ఎండు చేపను తెచ్చాడు. అది నోరు తెరుచుకుని టీరానే చూస్తోంది.

"సర్దుతున్నది నేను. నింపుతున్నది నువ్వు!"

"ఊరికే వస్తుంటే వద్దంటావేమిటి? నువ్వే అన్నావు కదా, అక్కరకొచ్చే వస్తువు చెత్తలోకి పోకూడదని."

ఇక మిగిలింది సిక్‌స్టెన్ పడక్కుర్చీ. అతను రొట్టె కొనడానికి వెళ్ళినప్పుడు టీరా దాన్ని మెట్టుమెట్టుకూ ఆగుతూ కిందకు ఈడ్చింది. రిపేరుకు పంపానని చెప్పింది. మర్నాటికి కుర్చీ పోయింది. సిక్‌స్టెన్ ఈసారి అరలో దొరికిన వ్యాయామం సైకిలును తొక్కుకుంటూ పైకి రాలేదన్నమాటే గానీ, ఆ ఉత్సాహంతోనే దాన్ని మోసుకొచ్చాడు. కిటికీ దగ్గర కూర్చోవడానికి ఇప్పుడు అదొక్కటే ఉంది.

అప్పుడు మైకెన్ ఫోన్ చేసింది. దీపం మీట వదులైందట, సిక్‌స్టెన్ ఓసారి వచ్చి చూస్తాడా అని. ఆ మీట ఎప్పటినుంచో వదులేనని, ఎడమవైపు నొక్కితే చాలని టీరాకు తెలుసు. చెప్పలేకపోయింది.

సిక్‌స్టెన్ వెలిగిపోతూ తిరిగొచ్చాడు. "ఆ ఇంట్లో ఏముందో గానీ, కాలు పెట్టగానే ప్రాణం హాయిగా ఉంది. గొర్రెతోలు పరిచిన కుర్చీ ఒకటి ఉంది, నా వీపు కొలతలు తీసుకుని చేసినట్టే ఉందనుకో. కాఫీ కూడా ఏం రుచి! కూజాలోనే ఏదో ఉంది."

"రేపు కూడా వెళ్తావేమో."

"రమ్మంది. దాల్చినచెక్క బన్నులు చేస్తుందట."

నాలుగు రోజులు వెళ్ళాడు. టీరా ఇంట్లో దీపాలార్పి, సైకిలు మీద కూర్చుని, ఆ ఆకుపచ్చ వెలుగును చూస్తూ ఎక్కడికీ కదలకుండా తొక్కింది. ఐదో రోజు కోటు కూడా వేసుకోకుండా పెరడు దాటింది.

మైకెన్ తలుపు తీసింది. లోపల టీరా తివాచీ, దాని మీద టీరా కుర్చీ, అందులో నోరు తెరిచి నిద్రపోతున్న టీరా మొగుడు.

"ఆ దీపం నాది" అంది టీరా. షరతు నవంబరు గాలికి కొట్టుకుపోయింది.

"తెలుసు."

"తెలిసే పెట్టుకున్నావా? కుర్చీ కూడా తెలిసేనా? ఆయన్ని కూడానా?"

మైకెన్ ఆమెను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది. "అరవకు, లేస్తాడు. ముందు నువ్వు నిజం చెప్పు, టీరా. డాక్టరు ఏమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"నా దగ్గర దాచకు. మొదట దీపం పెట్టావు. తర్వాత మీ అమ్మ తివాచీ. చివరికి మొగుడి కుర్చీ! ఇంత తొందరగా సర్దేవాళ్ళు బతకడానికి సర్దుతారా? నీకు ఏదో అయిందని నాకు తిండి సహించలేదు. అడుగుదామని సిక్‌స్టెన్ని పిలిస్తే, ఈమధ్య నువ్వు నీలా లేవని చెప్పి నాలుగు బన్నులు తిన్నాడు."

టీరా పక్కనున్న బల్లమీద కూర్చుంది. "మరి గడియారం, చేప..."

"రూనేవి. అన్నీ ఇచ్చేశాక దాచుకున్నవి అవే. నియమం నేనే పెట్టుకున్నాను కదా, నీవి తెచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తియ్యాల్సి వచ్చింది. సిక్‌స్టెన్ పట్టుకెళ్ళడం చూసి, పోనీలే, మీ ఇంట్లోనే ఉంటాయి అనుకున్నాను."

"దీపం ఎందుకు తీసుకున్నావు?"

మైకెన్ కాసేపు కూజా మూత సర్దింది. "మీ కిటికీలో అది వెలిగిందంటే రూనే ఇంటికొచ్చే వేళ అయినట్టు. ఆయన పోయాక కూడా అది వెలుగుతూనే ఉంది. దాని పక్కన మీరిద్దరూ. చాలాసార్లు కళ్ళలో నిప్పులు పోసుకున్నాను, టీరా. కానీ అరలో దాన్ని చూసేసరికి ఎవరో ఎత్తుకుపోతారని భయమేసింది. తెచ్చి పెట్టుకున్నాను. తీరా చూస్తే ఇక్కడినుంచి అది సరిగ్గా కనిపించడం లేదు. దాన్ని చూడాలంటే చలిలో పెరట్లోకి వెళ్ళి నిలబడాలి."

టీరా కూజాలోంచి ఇద్దరికీ కాఫీ పోసింది.

మర్నాడు సామాన్లన్నీ పెరడు దాటాయి. మోసినవాడు సిక్‌స్టెన్. ఎవరివి ఎటు వెళ్తున్నాయో అడిగి తెలుసుకునే ఓపిక అతనికి లేదు. చీకటి పడగానే టీరా దీపం మీటను ఎడమవైపు నొక్కింది. ఎదురు వంటింట్లో మైకెన్ కప్పు పట్టుకుని, కోటు అవసరం లేకుండా నిలబడి ఉంది. టీరా చెయ్యి ఊపింది.

సిక్‌స్టెన్ తన కుర్చీలో ఒదిగి, పదకేళిలోంచి తలెత్తి, దీపాన్ని చాలాసేపు చూశాడు. టీరా ఊపిరి బిగబట్టింది.

"బాగానే ఉంది" అన్నాడు. "కానీ మైకెన్ కొన్నంత మంచిది నీకు దొరకలేదు."