ఇరవయ్యారు నిమిషాల ట్యాంకరు

"ఉద్దానానికి ఇక నీళ్లు రావడం కాదు, దూసుకొస్తాయి" అని మంత్రిగారు పలాస సభలో ప్రకటించారు. వేదిక మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. కింద ఎండలో కూర్చున్నవాళ్లు కూడా, అంతసేపు కూర్చున్నందుకు ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, కొట్టారు.

వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డునున్న ఊరికి రోజుకొక్క ట్యాంకరు వెళుతుంది. గంట పడుతోందని ఊరివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. రెండో ట్యాంకరు ఇప్పించమన్న మాట రెండో పేజీలో ఉంది. మంత్రిగారు మొదటి పేజీ మొత్తం చదివారు.

ఆ గంటను తగ్గించడానికి ఇంజనీరు భానుప్రకాష్ గారు కొత్త క్యామ్ షాఫ్ట్‌ను అట్టపెట్టెలో పట్టుకుని హైవే పక్క మెకానిక్ రామూర్తి షెడ్డుకు వచ్చారు. ఇంజన్ ఎప్పుడు ఊపిరి పీల్చాలో ఎప్పుడు వదలాలో చెప్పే కడ్డీ అది. మారిస్తే బండి గుర్రమవుతుంది.

"ట్యాంకు అడుగున కారిపోతంది సార్. ముందు అది అతికిద్దారండి" అన్నాడు రామూర్తి.

"ట్యాంకు వేరే సెక్షన్. మాకు ఇంజన్ వరకే శాంక్షన్."

రామూర్తి అప్ప, అంటే అక్క, తవిటమ్మది ఆ ఊరే. బావ రెండేళ్ల క్రితం కిడ్నీలు చెడి చనిపోయాడు. ఇప్పుడు ఆమె రక్తం చూసి టెక్కలి డాక్టరు, నూతి నీళ్లు ముట్టొద్దు, ట్యాంకరు నీళ్లే తాగాలన్నాడు. అందుకని రామూర్తి రెండు రోజులు కూర్చుని, ఒక్కొక్క వాల్వూ సరిచూసి, ఆ కడ్డీని బిగించాడు. చివర్న, ఇరవై ఏళ్లుగా ప్రతి లారీకీ రాసినట్టే, ట్యాంకు మీద సుద్దతో రాశాడు: "ఐదొందల కిలోమీటర్లు లోడు వెయ్యరాదు". కొత్త సామాను ముందు నునుపు తేలాలి. ఊరికి రోజూ వెళ్లొచ్చే లెక్కన అది పన్నెండు రోజుల పని; అన్నాళ్లూ అద్దె ట్యాంకరు పెడతారని అతడనుకున్నాడు. మొత్తం పనిలో అతడు చేసిన పొరపాటు ఆ అనుకోవడమే.

భానుప్రకాష్ గారికి సాంకేతిక సలహా అంటే గౌరవం. సుద్ద రాతను ఫైల్లోకి ఎక్కించారు. మర్నాడు ట్యాంకరు నీళ్లు లేకుండా, కచ్చితంగా సమయానికి బయల్దేరింది. ఊళ్లో బిందెలు వరసలో ఉన్నాయి. డ్రైవరు ఢిల్లీబాబు వరస ముందు ఆపి, సర్పంచి చేత రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని వెనక్కి తిప్పాడు. ఇరవయ్యారు నిమిషాలు. ఆలస్యమైందని ఆ రోజు నుంచి ఒక్క అర్జీ రాలేదు. నాలుగోనాడు మంత్రిగారు ఆ అంకెను విలేకరులకు చెప్పారు.

అద్దె ట్యాంకరు మాటేమిటని రామూర్తి వెళ్లి అడిగాడు. అది పెడితే మన ట్యాంకరు ఫెయిలైందనుకుంటారని ఇంజనీరుగారు ఓపిగ్గా వివరించారు.

పదమూడోనాటికి ఐదొందలు నిండాయి. ట్యాంకు నింపడానికి రామూర్తే పైపు పట్టుకున్నాడు. భానుప్రకాష్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నీళ్లతో ఎంతసేపు?"

"నలబై పడతాది సార్."

"మంత్రిగారు ఇరవయ్యారని చెప్పేశారు."

"ఖాళీ బండి కాబట్టి కదా సార్."

"అదే కండిషన్ మెయింటెయిన్ చెయ్యాలి."

రామూర్తి క్యాబిన్లోకి ఎక్కి కూర్చున్నాడు. ట్యాంకరు దూసుకెళ్లింది. అతడు బిగించిన కడ్డీ వంక పెట్టడానికి లేకుండా పనిచేస్తోంది.

వరసలో నాలుగో బిందె తవిటమ్మది. ఆమె పాదాలు వాచి ఉన్నాయి. అతడు దిగి, ఇన్ని దినాలు ఏ నీళ్లు తాగావని అడిగాడు.

"నుయ్యి ఎక్కడికి పోనాదిరా?" అంది ఆమె. తర్వాత ట్యాంకు వైపు చూసింది. సుద్ద రాత పోయి, మంత్రిగారి బొమ్మ, దాని కింద నీలం రంగులో రెండు వరసల పెద్ద అక్షరాలు వెలిశాయి. "ఏటి రాసినార్రా తమ్ముడా?"

రామూర్తి మొదటి వరస చదివాడు. అది మంత్రిగారి పేరు. రెండోది, సభలో ఆయన అన్న దూసుకొచ్చే నీళ్ల మాట.

"ఆ కిందది?"

"అదీ ఆయన గురించే అప్పా."

తవిటమ్మ బిందె చంకనెత్తుకుని నూతి దారి పట్టింది. ఢిల్లీబాబు గడియారం చూసుకుని హారన్ కొట్టాడు. తిరుగు ప్రయాణానికీ టైము రాస్తారు.