తులసికోట దగ్గర మలాయి

ఎనిమిదింటికి ఆఫీసుకు పోతూ వర్ష వస్తుంది. ఆలోపు మూరెడు నూలైనా తీసి చూపించాలని మృదుల ఆరింటికే లేచింది.

ఎల్బీనగర్‌లో జనార్ధన్ ఇంటి పై పోర్షన్ మృదులది. పిల్లుల రంగులు చూసి ఊలుకు అద్దకం వేసి అమ్ముతుంది. గోధుమ చారలు, బూడిద మచ్చలు, కాటుక తోక. అద్దకం వచ్చు. వడకడమే రాదు. అయినా నెల కిందట వర్ష కళ్లు తుడుచుకుంటూ, చచ్చిపోయిన తన తెల్లపిల్లి మలాయి బొచ్చు సంచీ చేతిలో పెట్టి, "మూడేండ్లు దువ్వి దాచిన అక్కా. ఇంక దొరకదు. దారం చేసియ్యి, మెడకు చుట్టుకుంట" అంటే కాదనలేకపోయింది. వీడియోలు చూసి కదురు తిప్పింది. తిప్పినప్పుడల్లా తెగింది. నిన్న బొచ్చంతా మళ్లీ ఉతికి, దువ్వి, డాబా మీద చాటలో ఆరబెట్టి, తేవడం మరిచి పడుకుంది.

ఇప్పుడు చాట ఉంది. బొచ్చు లేదు.

నీళ్ల ట్యాంకు వెనక దాకా వెతుకుతుండగా కింద నుంచి కమురు వాసన, దాని వెనకే జనార్ధన్ కేక.

"వైరు కాలుతుంది! మెయిన్ బంద్ చేస్తున్న! మృదులమ్మా, గీజర్ పెట్టినవా?"

"లేదండీ!"

"మరి గీ వాసన ఏంది?"

కరెంటు పోయింది, వాసన పోలేదు. జనార్ధన్ స్టూలెక్కి స్విచ్‌బోర్డులు ఊడదీశాడు. గల్లీ అంతా గేటు దగ్గర చేరింది. ఎవరో పుణ్యాత్ముడు ఫోన్ కొట్టాడు, ఫైరింజన్ గంట మోగించుకుంటూ వచ్చేసింది. సిబ్బంది వాసన పట్టుకుని పెరట్లోకి నడిచారు.

"బూట్లు బైట ఇడువుండ్రి!" అని అరిచింది జనార్ధన్ భార్య భారతమ్మ. తులసికోట ముందు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుంది. "కార్తీక పున్నం. మూడొందల అరవై ఐదు పోగుల వత్తి చేసిన. అంటుకుంటలేదు, మాడుతుంది. మృదులా, మంచి పత్తే గదనే అది? మంచుల తడుస్తదని రాత్రి నీ చాటలకెల్లి తెచ్చి, కూసొని పోగు తీసిన."

మృదుల డాబా దిగి తులసికోట దగ్గరికొచ్చింది. "ఆంటీ, అది పత్తి కాదు. పిల్లి బొచ్చు. చచ్చిపోయిన పిల్లిది."

"రామ రామ! పున్నం నాడు పిల్లిని దేవుని ముంగట మాడవెట్టిన్నా!"

ఎనిమిదయింది. వర్ష గేటు దగ్గర నిలబడి ఉంది. ఏదో ఒక తెల్లబొచ్చు తెచ్చి అంటగడితే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన మృదులకూ వచ్చింది. సిగ్గేసింది.

"మలాయి దీపంలో వత్తయి కాలిపోయింది వర్షా. తప్పు నాదే."

వర్ష ఏడవలేదు. పెరట్లోకి వచ్చి, వంగి ప్రమిదలోంచి వత్తి ఎత్తింది. నూనెలో ముంచిన కొసే మాడింది. మిగతాదంతా తెల్లగా అట్లాగే ఉంది. ఒక పోగు లాగింది. తెగలేదు. సన్నగా, ఎక్కడా ముడి లేకుండా జారింది.

"ఇదెవరు తీసిన్రు?"

"నేనే బిడ్డా. తప్పయింది, చెంపలేసుకుంట."

"తప్పేంది అమ్మా! గిది మలాయే. గిట్లనే మెత్తగుండె." నూనె అంటినా పట్టించుకోకుండా చెంపకు ఆనించుకుంది. అప్పుడు ఏడ్చింది.

పోగు జారకుండా విభూతి అద్దుకునే భారతమ్మ రెండు వేళ్లు నలభై కార్తీకాలుగా నూలు తీస్తున్నాయి. ఎవరూ దాన్ని పని అనలేదు. కింద ఇంట్లో ఆ మనిషి ఉండగా, వడకడం నేర్పేవాళ్ల కోసం నెలంతా ఫోన్‌లో వెతికిన మృదుల కూడా అనలేదు.

ఇప్పుడు మృదుల రంగు వేస్తోంది, భారతమ్మ పిల్లి బొచ్చు నూలు తీసి, మైలని తలస్నానం చేస్తోంది. దేవుడి వత్తులు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కొంటోంది, అదీ దుకాణంలోనే ఒకటి వెలిగించి వాసన చూశాక.