పరుపులో గుంత

ఫణీంద్ర కారుకు పద్దెనిమిది అంగుళాల చక్రాలు వేయించి, వాటికింద నిమ్మకాయలు తొక్కించిన మర్నాటి నుంచి రోడ్డు మీది గుంతలు భార్యాభర్తలిద్దరితోపాటు ఇంటికి రావడం మొదలుపెట్టాయి.

ఇందులో వింతేమీ లేదు. చక్రం పెద్దదైతే దాని చుట్టూ రబ్బరు పలచబడుతుంది. ఇదివరకు గుంత ఆ రబ్బరులోనే ఆగిపోయేది. ఇప్పుడు ఆగేందుకు చోటు లేక, నేరుగా సీట్లోకి వచ్చి కూర్చునేది. మలుపుల్లో కారు ఇప్పుడు కొంచెం కూడా ఊగడం లేదు కనుక ఒక్క గుంతా దారిలో జారిపోయేది కాదు.

పెళ్లయి నెల తిరగని హిమజకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. మొదటి గుంత హాలుకూ వంటింటికీ మధ్య స్థిరపడింది. రెండోది పరుపు మధ్యలో. ఇద్దరూ ఏ అంచున పడుకున్నా తెల్లారేసరికి నడిమధ్యకు దొర్లుకొచ్చేవారు.

"మిగతావి ఎలా ఉన్నా, ఇది మంచిదండీ" అంది హిమజ.

ఆదివారం అత్తగారు వస్తున్నారని తెలిసేసరికి ఆమెకు బెంగ పట్టుకుంది. ఆవిడకు నడుంనొప్పి. పాత చక్రాలు బిగిస్తే గుంతలు వెళ్లిపోతాయని మెకానిక్ చెప్పాడు. అంటే పరుపులోదీ పోతుంది. హిమజ ఒక రోజంతా ఆలోచించి, సరేనంది.

శనివారం పాత చక్రాలు బిగించారు. గుంతలు గేటు దాకా వెళ్లి, చదునుగా ఉన్న రోడ్డును చూసి, తిరిగొచ్చి తమ తమ చోట్లలో సర్దుకున్నాయి.

సాయంత్రం మున్సిపాలిటీ ఇంజనీరు దొరబాబు శాలువా పట్టుకొచ్చాడు. హాల్లో గుంతను చూడగానే గుర్తుపట్టాడు.

"బస్టాండు మలుపుదమ్మా ఇది. మూడేళ్లు ఏడిపించింది మమ్మల్ని."

"వెనక్కి తీసుకెళ్లండి సార్."

"ఎక్కడికమ్మా? రోడ్డు మీద గుంతల్లేవని ఫైలు మూసేశాం కదా" అంటూ ఫణీంద్రకు శాలువా కప్పాడు.

ఆదివారం అత్తగారు దిగారు. హిమజ గుమ్మంలోనే చెయ్యి పట్టుకోబోయింది.

"అత్తయ్యా, అక్కడ గుంత..."

"ఉంటే ఉందిలేవే. మీ కారు చూసి మీ మామయ్యా అవే చక్రాలు వేయించారు. మా ఇంట్లో ఏడు. నడుం అలవాటు పడిపోయింది. రోడ్డు చూశావూ, అద్దంలా ఉంది!"

ఆవిడ కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని, కిందికైనా చూడకుండా గుంతను చుట్టి వంటింట్లోకి నడిచింది. కాసేపటికి హిమజ మూడు నిండు కాఫీ గ్లాసులతో అదే దారిన తిరిగొచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు. తిన్నగా నడవడం ఎప్పుడు మానేసిందో ఆమెకు గుర్తురాలేదు.