మా కుమారి ఇచ్చిన చిక్కుడు గింజలు

మూడేళ్ళపాటు మా ఇంట్లో ఒక సీసా కోసం నేనూ మా ఆయనా దొంగా పోలీసు ఆడుకున్నాం. దొంగని నేనే అనుకున్నాను. చివరికి చూస్తే ఆ ఉద్యోగమూ ఆయనదే. మీరెలాగూ నవ్వుతారు, మొత్తం విని నవ్వండి.

సీసాలో ఉన్నవి చిక్కుడు గింజలు. నాగాయలంకలో ఉండే మా చెల్లెలు కుమారి ఇచ్చింది. వాళ్ళ దొడ్డి దడికి పాకే చిక్కుడు. ఆ రోజు నేను బందరు బస్సెక్కి కూర్చున్నాక కిటికీలోంచి గుడ్డమూట నా ఒళ్ళో వేసి, "శ్రావణంలో పెట్టక్కా, మర్చిపోకు" అంది. బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూద్దును కదా, లారీ ఒకటి అడ్డొచ్చింది. నెల తిరక్కుండా జ్వరంతో కుమారి పోయింది. ఆ లారీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

శ్రావణం వచ్చింది. మా ఆయన లక్ష్మయ్య పార పట్టుకుని నిలబడ్డాడు.

"గింజలు తే రత్తమ్మా. పాదు తవ్వాను."

"ఈ ఏడు వద్దు."

"ఏం?"

"మొలవకపోతే?"

"మొలిస్తేనో?"

"మొలిస్తే మాత్రం? గింజ ఉండదు కదా."

ఆయన పార వంక చూశాడు, నా వంక చూశాడు. "నలభై ఏళ్ళు చేపలమ్మావు. ఒక్క చేపనన్నా ఇలా దాచుకున్నావా?" అని వెళ్ళిపోయాడు.

దాచడం నాకు తెలియని పని కాదు. గుడివాడ దాకా రైల్లో ఎండుచేపల గంపలు మోసినదాన్ని. తడి తగిలితే ఏదైనా చెడుతుందని నాకొకరు చెప్పక్కర్లేదు. గింజల్ని నాలుగు రోజులు ఆరబెట్టి, పంటితో కొరికితే టక్కుమన్నాక, జల్లించిన పొయ్యి బూడిద కలిపి, సీసాలో పోసి మూత బిగించాను. అంతవరకూ తప్పు లేదు. రోజూ పొద్దున్నే మూత తీసి చూడడమే తప్పు. సీసాలో గింజలు ఎక్కడికి పోతాయి? కానీ కళ్ళముందున్న మనుషులే అనుకోకుండా పోతున్నప్పుడు గింజల్ని ఎలా నమ్మను?

మా ఆయనకి దొరక్కుండా సీసాని ముందు బియ్యం డబ్బాలో పెట్టాను. అక్కడ ముక్కపురుగులు. తర్వాత దేవుడి పటం వెనక పెట్టాను.

"రత్తమ్మా, ఈ మధ్య దేవుడి ముందు తెగ నిలబడుతున్నావు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?"

"తగ్గాయి."

"దేవుడు గొప్పవాడు" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఈ ఏడు వానలు మొదలయ్యేసరికి సీసా లోపల చెమ్మ కనబడింది. సముద్రపు గాలికి మా ఇంట్లో ఉప్పే నీరవుతుంది. చల్లటి చోట పెడితే విత్తనం చెడదని పేపర్లో చదివాను. వాళ్ళు రాసింది ఫ్రిజ్ గురించి. మా ఫ్రిజ్ పాడై ఆరు నెలలైంది. ఉన్నది చేపల ఐసు పెట్టె. సీసాని అందులో పెట్టాను. రోజూ తీసి తీసి మూత వదులైపోయిందని గమనించలేదు. పొద్దునకి ఐసు కరిగింది, సీసా ఒరిగింది, గింజలు ఈత కొడుతున్నాయి.

ఎండ వస్తే గుడ్డలో పరిచి అరుగు మీద పెట్టాను. పక్కనే మెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి. పూటంతా ఆ వాసన పట్టాక నేను గుడ్డ మూటకట్టి లోపలికి తేబోయానో లేదో, పిల్లి వచ్చి మూట కరుచుకుని పరుగెత్తింది. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో నేను దాని వెనక.

"ఏ చేప ఎత్తుకుపోయింది పిన్నీ?" అని పక్కింటి సుమతి కేకేసింది.

"చేప కాదే, మా కుమారి" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. కుచ్చెళ్ళు దోపుకుని పిల్లికి అడ్డంపడి మూట లాక్కొచ్చింది.

ఇక ఉండబట్టలేక, మొలుస్తాయో లేదో పరీక్ష పెట్టాను. పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడమని పేపర్లో రాశారు. పది తియ్యడానికి చెయ్యి రాలేదు. ఆరు తీశాను. ఎనిమిదో రోజుకి ఆరూ మెత్తబడి కంపు కొట్టాయి. మిగతావి నానేశాను. అవీ అంతే.

వంటింట్లో కింద కూర్చుండిపోయాను. మూడేళ్ళు కాపాడి కాపాడి నా చేత్తో నేనే చంపుకున్నాను. మా ఆయన వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఏడవకే. అవి కుమారివి కావు."

"మరి?"

"కోనేరు సెంటర్లో కొన్నవి. మొదటి శ్రావణంలోనే, నువ్వు రేషన్‌కి వెళ్ళినప్పుడు మార్చేశాను."

"దానివి ఏం చేశావయ్యా?"

"సుమతి వాళ్ళ దడికి పెట్టాను. ఏటేటా ఆ పిల్లే పెడుతోంది. చలికాలంలో ఆ అమ్మాయి తెచ్చే చిక్కుడు కూర నువ్వు తింటున్నావుగా."

తిన్నాను. మా కుమారి చిక్కుడు రుచి దీనికెక్కడిదని వంక పెడుతూ, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

"ముందే చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే ఆ దడి కిందే కాపురం పెట్టేదానివి."

ఆయన కేకేస్తే సుమతి తన సీసా తెచ్చింది. బూడిదలో గింజలు నిగనిగలాడుతున్నాయి.

"మాఘంలో దడి మీద ఎండిన కాయలు ఒలిచి పోశాను పిన్నీ. చీకట్లో పెట్టమన్నాడు బాబాయి. అలమారలో పెట్టాను."

"మధ్యలో మూత తీసి చూశావా?"

"ఎందుకు పిన్నీ?"



ఆ సాయంత్రమే నాలుగు పాదుల్లో రెండేసి గింజలు నేనే పెట్టాను. మర్నాడు లేస్తూనే వెళ్ళి వేలితో మట్టి కదిపాను. గింజ లేదు. నాలుగు పాదులూ ఖాళీ.

"ఏమయ్యా, గింజలు పోయాయి."

ఆయన అరుగు మీద టీ తాగుతున్నాడు. "తవ్వావా? తవ్వుతావని నిన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడే తీసి వేరేచోట పెట్టాను."

"ఎక్కడ?"

"మొలిచాక చెబుతా."

ఎక్కడ నీళ్ళు పోస్తాడో చూద్దామని వెనకే తిరిగాను. ఆయన దొడ్డంతా పోశాడు. కరివేపాకుకి పోశాడు, బట్టలుతికే బండకీ పోశాడు.

అయిదో రోజు, ఆయన పిలవకుండానే, దొడ్లోకి వెళ్ళాను. నీళ్ళ తొట్టి పక్కన ఒక గంప బోర్లించి ఉంది. దాని ముందు పీట వేసి ఉంది. కోళ్ళు రాకుండా కర్ర పట్టుకుని ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

వెళ్ళి పీట మీద కూర్చున్నాను. గంప ఎత్తలేదు.

"చూడవేం?" అన్నాడు.

"ఉండనీ. చూద్దాంలే" అన్నాను.