ప్రెస్సులో ఉన్నది

ఆ రోజు ఉదయం బైండరు పెట్టుకున్న పనులు రెండే. పదకొండింటికి లైబ్రరీ కారు వస్తుంది, పుస్తకం ఇచ్చెయ్యాలి. ఒంటిగంటకి భార్య భోజనానికి వస్తుంది, టోఫూ వండిపెట్టాలి. మొదటిది ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని. రెండోది జన్మలో చెయ్యని పని. అయినా ఆయనకి భయం మొదటిదాని గురించే ఎక్కువ. ఎందుకంటే ఆయన పని ఎంత బాగా చేస్తాడో అంత ఆలస్యంగానూ చేస్తాడు. ఎవరు ఎప్పుడు అడిగినా "రేపు ఇచ్చేస్తానండీ" అంటాడు కాబట్టి, వీధి వీధంతా ఆయనకి "రేపుగారు" అని పేరు పెట్టేసింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు.

ఈసారి మాత్రం రేపు అనడానికి వీల్లేదు. ఆయన భార్య ఆ లైబ్రరీలోనే, క్యాటలాగు గదిలో పనిచేస్తుంది. వందేళ్ళనాటి మొక్కల బొమ్మల పుస్తకం ఒకటి అట్టలూడి, కుట్లు తెగి బీరువాలో పడుంటే, లైబ్రేరియను దాన్ని ఏదో పెద్ద కంపెనీకి పంపుతానన్నాడు. ఆవిడ అడ్డుపడింది. "మావారికివ్వండి సార్. చెప్పిన రోజుకి రాకపోతే ఇక ఎప్పుడూ నా మాట నమ్మకండి" అనేసింది. ఇవాళ డైరెక్టరు మేడం స్వయంగా వచ్చి ఆ పుస్తకం చూస్తుంది. బాగుంటే మిగతా పాత పుస్తకాలూ ఈయనకే. లేకపోతే పుస్తకాలతో పాటు భార్య మాట కూడా గంగలో కలిసినట్టే.

"పదకొండంటే పదకొండేనండీ. పన్నెండు కాదు, రేపు కాదు" అంది ఆవిడ, చెప్పులు వేసుకుంటూ.

"అయిపోయిందే. ప్రెస్సులో ఉంది. ఇంకాసేపు ఆరితే చాలు."

"నా పరువు మీ చేతుల్లో ఉంది."

"చేతుల్లో లేదు. ప్రెస్సులో ఉందన్నానుగా."

ఆవిడ నవ్వకుండా వెళ్ళిపోయింది. బైండరు పనిలో పనిగా తల్లికి కూడా చెప్పాడు. "అమ్మా, కారొచ్చినప్పుడు నేను స్నానంలో ఉన్నా, ఎక్కడున్నా, ప్రెస్సులో ఉన్న కట్ట ఇచ్చెయ్. తెల్లగుడ్డలో చుట్టి, నాడాతో కట్టి ఉంటుంది." తల్లి సరేనంది. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. ఒకసారి విన్న మాట మరిచిపోదు, రెండోసారి చెబితే ఊరుకోదు.

ఇక టోఫూ సంగతి. నెల క్రితం బైండరు భార్యని డాక్టరు పరీక్షించి, ఆవిడ తినేవాటిలో సగం కొట్టేసి, ఆ ఖాళీలో టోఫూ అని రాశాడు, అంటే సోయా పాలు విరగ్గొట్టి చేసే పన్నీరన్నమాట. పోయిన వారం ఆవిడ మొదటిసారి వండింది. నూనెలో వెయ్యగానే అది చిటపటలాడి, నీళ్ళు కక్కి, ముక్కలు ముక్కలై, ఆఖరికి చెంచాతో తోడుకోవలసిన స్థితికి వచ్చింది. అత్తగారు బాణలిలోకి తొంగిచూసి, "ఇన్ని నీళ్ళు కారుస్తోందేమిటే అమ్మాయ్! దీన్ని వండాలా, ఓదార్చాలా?" అంది. ఆ పూటకి అందరూ నవ్వారు. కానీ ఆ తరవాత ఆవిడ రోజూ ఇన్ని ఉడికించిన కూరముక్కలు పెట్టుకుని మాట్లాడకుండా తినడం బైండరు చూశాడు. ఆయనకి మనసు చివుక్కుమంది. తన కోసం ఆఫీసులో అంతలా నిలబడ్డ మనిషికి ఒక్క పూట తను వండిపెట్టలేడా అనిపించింది.

అందుకే ఆవిడ వీధి మలుపు తిరగగానే ఫోనులో వీడియో పెట్టాడు. అందులో గడ్డం అబ్బాయి ఒకడు చాలా హుషారుగా ఉన్నాడు. "కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే ఫ్రెండ్స్! టోఫూలో నీళ్ళు తియ్యకుండా వండేస్తారు. అందుకే విరిగిపోతుంది. శుభ్రమైన గుడ్డలో చుట్టండి, పైన బరువు పెట్టండి. బరువు కోసం వెతుక్కోవద్దు, ఇంట్లో లావుపాటి పుస్తకాలుంటే చాలు!"

బైండరు వీడియో ఆపేశాడు. "వీడి మొహం మండా! తడి వస్తువు మీద పుస్తకం పెట్టమంటాడా?"

"ఎవర్రా?" అంది తల్లి లోపలి నుంచి.

"ఎవడోలే, పుస్తకం విలువ తెలియనివాడు."

కోపం తగ్గాక ఆయన చూపు మెల్లిగా ప్రెస్సు మీదికి వెళ్ళింది. తాతలనాటి ఇనప ప్రెస్సు. పైన చక్రం తిప్పితే పలక కిందికి దిగుతుంది. వెంట్రుకవాసి తేడా లేకుండా అన్నివైపులా ఒకే బరువు. నీళ్ళు తియ్యడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇలాంటిది ఇంట్లో పెట్టుకుని వీధి మీద పడి వెతకడమంటే, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టే.

చిక్కల్లా ప్రెస్సులో పుస్తకం ఉండడమే. దాని తోలు అట్ట ఇంకా కొంచెం మెత్తగా ఉంది, మరో గంట బరువు కింద ఉండాలి. బైండరు వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా చూశాడు. నిండుగా ఉంది. పుస్తకాన్ని తెల్లగుడ్డలోనే ఉంచి, వంటింటి గట్టు మీద పెట్టి, దాని మీద బియ్యం డబ్బా ఎక్కించాడు. అట్టకీ బరువుకీ మధ్య చెక్కలు పెట్టడం ఆయన పద్ధతి. కానీ ఆ సైజు చెక్కలు ఉన్నది ఒకటే జత. అవి టోఫూకి కావాలి. పుస్తకానికి గుడ్డ ఉందిగా అనుకున్నాడు.

నాలుగు టోఫూ ముక్కలు పక్కపక్కన పేర్చితే సరిగ్గా ఆ పుస్తకమంత అయ్యాయి. చెక్కలు కడిగి, తుడిచి, ముక్కల్ని ఉతికిన గుడ్డలో మడిచి, మధ్యలో పెట్టి చక్రం తిప్పాడు. నెమ్మదిగా తిప్పాలన్నాడు గడ్డం అబ్బాయి. నెమ్మది విషయంలో బైండరుకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అరగంటలో కింద పెట్టిన పళ్ళెం నిండింది. అప్పుడు, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ, చెక్కలతో సహా అంతటినీ ఇంకో తెల్లగుడ్డలో చుట్టి, నాడాతో అడ్డంగా, నిలువుగా కట్టి, మళ్ళీ ప్రెస్సులో పెట్టాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బుర్రని ఎవరూ సంప్రదించలేదు.

వీడియోలో తరవాతి మాట: ముక్కలకి మొక్కజొన్న పిండి అద్దాలి. ఇంట్లో ఉన్న పిండల్లా అట్టలు అంటించే జిగురు బకెట్టులోనే ఉంది. బైండరు ఒక క్షణం దానివైపు చూశాడు. తరవాత, ఆయన్ని మెచ్చుకోవాలి, చెప్పులు వేసుకుని కొట్టుకి బయల్దేరాడు.

కొట్టాయన పొట్లం కడుతూ, "ఏంటి రేపుగారూ, కొత్త రకం జిగురా?" అన్నాడు.

"కాదు, వంటకి."

"వంటా? మీరా?" కొట్టాయన పొట్లం ఆపి, లోపలున్న భార్యని, పక్క కొట్టు దర్జీని పిలిచి మరీ చూపించాడు. అందరూ చూశాక, "అన్నట్టు నా పద్దుల పుస్తకం రెండేళ్ళయింది" అని గుర్తుచేశాడు.

"రేపు ఇచ్చేస్తానండీ" అని బైండరు గబగబా వచ్చేశాడు. పదింపావయింది. కారు రావడానికి ఇంకా ముప్పావు గంట.

వచ్చి చూస్తే ప్రెస్సు నోరు తెరుచుకుని ఉంది.

"అమ్మా! ఇందులోది ఏదీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"కారతనికిరా. ఆ పెద్ద మేడం ముందే వచ్చేస్తోందిట, పదింటికే పంపారు. ప్రెస్సులో ఉన్నది ఇచ్చెయ్ అన్నావుగా. చక్రం తిప్పలేక చచ్చాను. అతనే తిప్పుకున్నాడు." తల్లి ఒక కాగితం తీసింది. "పుస్తకం ఒకటి ముట్టింది అని సంతకం కూడా పెట్టించుకున్నాను. అడుగున తడిగా ఉందేంటండీ అన్నాడు. మావాడి పని అంతేనయ్యా, ఎప్పుడూ తాజాగా ఇస్తాడు అన్నాను."

బైండరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. భార్యకి ఫోను చేస్తే ఎత్తలేదు. లైబ్రరీకి చేస్తే వాచ్‌మన్ ఎత్తాడు.

"బాబూ, ఇప్పుడొచ్చిన కట్ట విప్పొద్దని చెప్పు! నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు!"

"ఎందుకండీ?"

"అది నా భార్య పరువు బాబూ" అని పెట్టేసి, బియ్యం డబ్బా దింపి, కింది కట్టని సంచీలో వేసుకుని, స్కూటరు ఎక్కాడు.

లైబ్రరీలో అప్పటికే పొడుగు బల్ల మీద పచ్చగుడ్డ పరిచి, దాని మీద కట్ట పెట్టారు. ఒకవైపు డైరెక్టరు మేడం, ఒకవైపు లైబ్రేరియను, కాస్త వెనకగా బైండరు భార్య. పచ్చగుడ్డ మీద కట్ట చుట్టూ తడి మెల్లిగా పాకుతోంది. భార్య ఆ తడినే చూస్తోంది. తన మొగుడు ఆలస్యం చేస్తాడు గానీ, ఆయన అంటించిన పుస్తకం ఇంతవరకూ ఎప్పుడూ కారలేదు.

అంతలో వాచ్‌మన్ వచ్చి, "బైండరుగారు వచ్చేదాకా విప్పొద్దట సార్" అని చెవిలో వేశాడు.

"ఎందుకు విప్పకూడదు?" అంది డైరెక్టరు.

లైబ్రేరియనుకి తెలియదు. కానీ తెలియదు అనడం ఆయన ఇంటావంటా లేదు. "అది తేమ వైద్యం మేడం" అన్నాడు గొంతు సవరించుకుని. "పాత కాగితం ఎండి పెళుసవుతుంది కదా, దానికి తేమ పట్టిస్తారు. నేనే దగ్గరుండి చెప్పి చేయించాను."

"ఏదో వాసన వస్తోంది. పచ్చి చిక్కుడు గింజల్లాగా."

"మొక్కల పుస్తకం కదా మేడం."

డైరెక్టరు ఆయన్ని ఒకసారి పరకాయించి చూసింది. "ఈ వైద్యం నేనెప్పుడూ చూడలేదు. చూడాల్సిందే. కత్తెర ఇవ్వండి."

నాడా తెగింది. పైగుడ్డ విడింది. పై చెక్క లేస్తుండగా తలుపు దగ్గర గావుకేక వినిపించింది.

"ఆగండి! అది మా ఆవిడ భోజనం!"

అప్పటికే ఆలస్యమైంది. అలవాటు ప్రకారం బైండరు అక్కడికీ ఆలస్యంగానే వచ్చాడు. లోపలిగుడ్డ కూడా తొలగిపోయి, తెల్లగా, నున్నగా, గుడ్డ నేత అచ్చుపడి, ఆ నాలుగు ముక్కలూ బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాయి. లైబ్రేరియను వచ్చిన ఊపులో ఆగలేకపోయాడు.

"కాగితం బాగా మెత్తబడింది మేడం" అన్నాడు.

"ఇది టోఫూ అండీ. నేను వారానికి మూడు రోజులు తింటాను" అంది డైరెక్టరు.

బైండరు తన భార్య కళ్ళలోకి చూడలేక, సంచీలోంచి అసలు కట్ట తీసి విప్పాడు. విప్పి, తనే గతుక్కుమన్నాడు. మెత్తటి తోలు అట్ట మీద, సరిగ్గా నడుమ, బియ్యం డబ్బా అడుగు దిగిపోయింది. గుండ్రటి వలయం. దాని మధ్య, డబ్బా చేసినవాడు కొట్టిన ఎనిమిది రేకుల పువ్వు.

లైబ్రేరియనుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశారా మేడం, అట్ట మీద ఈ మచ్చేంటి? నేను మొదటినుంచీ కంపెనీకి పంపిద్దామంటూనే ఉన్నాను. ఈ అమ్మాయే..."

డైరెక్టరు ఆ మాట వినలేదు. పువ్వు మీద మెల్లిగా వేలు రాసింది. పుస్తకం తెరిచి కుట్లు చూసింది, మూసి మళ్ళీ పువ్వు చూసింది. "మొక్కల పుస్తకానికి పువ్వు ముద్ర! రంగు లేదు, ఆర్భాటం లేదు, తోలులోకి నొక్కి ఊరుకున్నారు. ఎక్కడ వేయించారు?"

"మా ఇంట్లోనేనండి" అన్నాడు బైండరు.

"ఆ అచ్చు పాతదా?"

"మా పెళ్ళినాటిదండి."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. భార్య ఆ పువ్వుని అప్పుడే గుర్తుపట్టింది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి నెలా తను తోమే పువ్వు. ఆవిడ పెదవి కొరుక్కుని కిటికీలోంచి బయటికి చూడసాగింది.

"మిగతా నలభై పుస్తకాలూ మీరే చెయ్యండి. అన్నిటికీ ఇదే ముద్ర ఉండాలి. మొదటిది ఎప్పటికిస్తారు?"

"రే..." అని బైండరు నోరు తెరిచాడు. భార్య కిటికీ వైపు నుంచి తల తిప్పింది.

"మీరు చెప్పిన రోజుకండి" అన్నాడు.

ఒంటిగంటకి ఇద్దరూ ఒకే స్కూటరు మీద ఇంటికొచ్చారు, టోఫూ భార్య ఒళ్ళో. గుమ్మంలో ఆవిడ, "ఇదంతా నాకోసమేనా?" అంది.

"పోయిన వారం నుంచి నువ్వు సరిగ్గా తినడంలేదు" అన్నాడు బైండరు, చెప్పులకేసి చూస్తూ.

గడ్డం అబ్బాయి చెప్పినట్టే అంతా చేశాడు. ముక్కలు కోసి, ఉప్పూ మిరియాలూ చల్లి, పిండి అద్దాడు. నూనె బాగా కాగాక వేసి, ఒక పక్క ఎర్రబడేదాకా కదపకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓపికతో ఊరుకోవడం ఆయనకి వచ్చిన విద్యే. ఒక్క ముక్క విరగలేదు, ఒక్క చుక్క చిట్లలేదు. పైకి కరకరలాడుతూ, లోపల వెన్నలా దిగాయి.

తల్లి ఒక ముక్క కొరికి, "ఇవాళ ఏడవలేదురా ఇది" అంది. అని కోడలి వైపు చూసింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "చాల్లే! అది మానేసిందనుకుంటే నువ్వు మొదలుపెట్టావా?" అని ఇంకో రెండు ముక్కలు కోడలి కంచంలో వేసింది.

ఆ మర్నాటి నుంచి బియ్యం డబ్బా బైండింగు గదిలో ఉంటోంది. ప్రెస్సేమో వంటింట్లోకి చేరింది, దానికి టోఫూ పనితో తీరిక దొరకడం లేదు.