ఐరావతం గారి కుడికాలు

ఒక పెద్ద అడవి ఉండేది. అక్కడ సేవ చేసేవాళ్లకు కొదవ లేదు. సేవ అందినవాళ్లే వెతికినా దొరికేవారు కాదు.

ఆ అడవిలో నీలకంఠం గారనే నెమలి ఒక సేవాసంఘం పెట్టారు. గూడు లేనివాళ్లకు ఇళ్లు, ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నశాల, జబ్బుపడ్డవాళ్లకు వైద్యశాల. అబద్ధం ఎందుకు చెప్పాలి, మూడూ కట్టించారు కూడా. ఏటిగట్టు మీద మట్టిగోడలు, పైన రెల్లుగడ్డి కప్పు, చూడముచ్చటగా ఉన్నాయి. అన్నశాల నిండా దుంపలూ ధాన్యమూ పోశారు. వైద్యశాలకు వడ్రంగిపిట్టను డాక్టరుగా పెట్టారు.

ఇంకేం, అయిపోయిందిగా అనుకుంటే మీకు సంఘాల సంగతి తెలియదన్నమాట. మూడింటి గుమ్మాలకూ అడ్డంగా ఎర్రపూల తీగ కట్టారు. ముఖ్య అతిథి వచ్చి ఆ తీగ కత్తిరించాలి. అప్పటిదాకా లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. కత్తెర పనికి ఒక పీతను మాట్లాడి తామరాకు మీద కూర్చోబెట్టారు.

ముఖ్య అతిథి ఐరావతం గారనే ఏనుగు. ఆయనకు ప్రారంభోత్సవాలతో ఊపిరి సలపదు. ఒకసారి వస్తానని కబురంపి, పక్క అడవిలో సన్మానం ఉందని ఆగిపోయారు. మరోసారి జలుబు చేసింది. ఆ తర్వాత మూఢం వచ్చిపడింది.

ఈలోగా వానలు పట్టుకున్నాయి.

ముళ్లపంది సూరమ్మ నిండు చూలాలు. మొదటి ఇల్లు ఆమెకే ఇస్తామని సంఘం మాటిచ్చింది. ఉన్న బొరియ కాస్తా నీళ్లతో నిండిపోవడంతో, తడిసి ముద్దయి అధ్యక్షుల దగ్గరికి వెళ్లింది. మబ్బు పట్టింది కదా, నీలకంఠం గారు పురి విప్పి నాట్యంలో ఉన్నారు.

"అయ్యా, నొప్పులు వచ్చేట్టున్నాయి. ఆ తీగ కింద నుంచి దూరి ఓ మూల పడుంటానయ్యా."

"ఎంతమాట! ఐరావతం గారు చూడకముందే ఇల్లు మాసిపోతే ఎలాగమ్మా?" అన్నారాయన, నాట్యం ఆపకుండానే.

కార్యదర్శి కోదండం కొండముచ్చు. అతను కాస్త జాలిపడ్డాడు. "సూరమ్మా, ఇదంతా నీకోసమే కదా! తొందరపడి దూరావంటే ఇల్లు ఇంకొకరికి పోతుంది. నాలుగు రోజులు ఓపిక పట్టు."

"నేను పడతాను బాబూ. కడుపులోవాళ్లు పట్టొద్దూ?"

అన్నశాల ముందు ఆకలితో కూర్చున్న తాబేలు తాత ఇది విన్నాడు. ఇల్లు వీపునే ఉంది గనుక అతనికి కావలసింది పట్టెడు తిండే. సూరమ్మను పక్కకు పిలిచి, "అమ్మాయీ, గుమ్మంలోంచి పోవద్దన్నారు. గోడ కింద నుంచి పోవద్దని ఎవరన్నారు? తవ్వడం నీకొకరు నేర్పాలా?" అన్నాడు.

ఆ వానలోనే సూరమ్మ ఇంటి వెనక నుంచి తవ్వుకుంటూ లోపలికి చేరింది. మర్నాటికి ఇద్దరు పిల్లల తల్లయింది. కంత కనబడకుండా తాబేలు తాత తన డిప్ప అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

అలాంటి సమయంలో ఐరావతం గారు రానే వచ్చారు. మేళాలు, దండలు, అరటాకులన్నీ కలిపి కుట్టిన శాలువా. నీలకంఠం గారి ఉపన్యాసం అయ్యేసరికి దండలు వాడిపోయాయి. ఐరావతం గారు పీతను తొండంతో ఎత్తి పట్టుకున్నారు. అది సూరమ్మ ఇంటి తీగ కత్తిరించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇక తమరు కుడికాలు లోపల పెడితే శుభమండీ," అన్నాడు కోదండం.

అది ఆచారం. కాలు ఎంత, ఇల్లు ఎంత అని సంఘంలో ఒక్కరికీ తట్టలేదు.

"ఆగండి బాబోయ్! లోపల పిల్లలున్నారు!" అని వెనక నుంచి తాబేలు తాత గొంతు చించుకున్నాడు. మేళంలో ఎవరికీ వినపడలేదు.

ఐరావతం గారు చిరునవ్వుతో కాలెత్తారు. ఇంట్లో చీకటి కమ్మింది. సూరమ్మకు గుమ్మమంతా కాలే కనబడింది. ఇల్లు పోతే పోయింది, పిల్లలు దక్కితే చాలనుకుంది. ఇద్దర్నీ పొట్ట కిందికి లాక్కుని, గుమ్మానికి వీపు తిప్పి, ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడిచింది.

"అమ్మో! చచ్చాన్రో!"

మేళం ఆగిపోయింది. పీత ఏట్లోకి దూకింది. ముఖ్య అతిథి మూడు కాళ్ల మీద గెంతుతూ వేదికెక్కితే వేదిక కూలిపోయింది. అధ్యక్షుల పింఛం సగం దాని కిందే ఉండిపోయింది.

"డాక్టరేడీ?" అని ఘీంకరించారు ఐరావతం గారు.

వడ్రంగిపిట్ట వినయంగా వచ్చి నిలబడింది. "పట్టకారూ మందూ లోపలే ఉన్నాయండీ. కానీ వైద్యశాలకు ఇంకా ప్రారంభోత్సవం కాలేదండీ."

"ఎవరు చెయ్యాలి?"

"తమరేనండీ."

"కత్తెరేదీ?"

"ఏట్లో ఉందండీ."

ఐరావతం గారు తొండంతో వైద్యశాల తీగ పట్టుకుని గుమ్మంతో సహా పీకి పారేశారు. ముళ్లు లాగి మందు చేతికిచ్చాక డాక్టరు నసిగింది. "ఇది పరగడుపున వేసుకోకూడదండీ." అన్నశాల తీగ కూడా ఆ ఊపులోనే పోయింది. ఏనుగు వెనకాల తాబేలు తాత, తాత వెనకాల ఆకలిగొన్నవాళ్లంతా లోపలికి నడిచారు. ఆపేవాడు లేడు. కోదండం అప్పటికింకా వేదిక కింద నుంచి అధ్యక్షుల్ని లాగుతున్నాడు.

బయటపడగానే నీలకంఠం గారు సూరమ్మ ఇంటి ముందు నిలబడి కేకలు మొదలుపెట్టారు. "దొంగచాటుగా దూరినవాళ్లకు ఇల్లు లేదు! బయటికి రా!"

సూరమ్మ పిల్లలతో బయటికొచ్చింది. ఐరావతం గారు కుంటుకుంటూ వచ్చి ఆ పిల్లల్ని చూశారు. తన పాదం చూసుకున్నారు. ఆ చిన్న గుమ్మాన్నీ చూశారు.

"ముళ్లు లేకపోయుంటే..." అని ఆగిపోయారు. తర్వాత, "ఇల్లు ఆమెదే. నన్నింక దేనికీ పిలవకండి," అని వెళ్లిపోయారు.

ఏడాది చివర సమావేశంలో నీలకంఠం గారు మిగిలిన పింఛమే విప్పి, "ఒక్క పూటలో మూడు సేవలు ప్రారంభించిన ఘనత మన సంఘానిదే!" అన్నారు. మళ్లీ చప్పట్లు.

సూరమ్మకు మాత్రం ఇప్పుడు తీరిక లేదు. ఎక్కడ గుమ్మానికి తీగ కట్టి ఉంచినా, అక్కడి బీదాబిక్కీ ఆమె దగ్గరికొచ్చి, "అక్కా, రాలిన ముల్లు ఒకటుంటే ఇవ్వవూ?" అని అడిగి పట్టుకుపోతున్నారు.

నీతి: పేదవాడి నొప్పికి తలుపు తెరుచుకోవాలంటే, ముందు ఆ నొప్పి పెద్దవాడి కాల్లో దిగాలి.